సున్నం వేయని సమాధి

ఈస్టరు తెల్లవారుజామున మా సమాధుల స్థలానికి వచ్చినవాళ్లకు, సున్నం వేసి మెరిపించిన సమాధుల మధ్య ఒకటి మాత్రం బూడిదరంగు రాళ్లకుప్పలా కనబడుతుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి ఎవరో దిక్కులేనివాళ్లది కాబోలు అనుకుంటారు. కొందరు ఆ మాట పైకే అంటారు. అది నా భర్తది. ఆయనకు నేనున్నాను, కొడుకూ కోడలూ ఉన్నారు, మనవలున్నారు. సున్నానికి కరువొచ్చి మానలేదు. కావాలని మానేశాం. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. పని దొరకని మధ్యాహ్నాల్లో మా పాస్టరమ్మగారు మాలాంటి ఆడవాళ్లను చర్చి అరుగు మీద కూర్చోబెట్టి పలకలిచ్చి దిద్దించింది. మిరపకాయల కోతలు మొదలవగానే చాలామంది పలకలు అటకెక్కించారు. నేను ఎక్కించలేదు. కోతకు పోయినచోట కూడా గట్టు మీద పుల్లతో రాసుకునేదాన్ని. ఈ వయసులో కలెక్టరు ఉద్యోగం చేస్తావా అని ఎగతాళి చేసినవాళ్లు, తర్వాత వాళ్ల ఇళ్లలో చచ్చిపోయినవాళ్ల పేర్లు సమాధుల మీద రాయమని నా దగ్గరికే వచ్చారు. మా సమాధుల మీద నల్లరంగుతో రాసిన పేర్లలో సగానికి పైగా నా చేతి రాతే. వంకరగా ఉంటాయి. చదవడానికి వస్తాయి.

మా ఊరు జగ్గయ్యపేటకూ నందిగామకూ నడుమ, హైవే దిగి ఆటోలో లోపలికి రావాలి. పేరు రాయను, ఎందుకో తర్వాత చెబుతాను. ఊరి చుట్టూ నల్లరేగడి, పత్తి, మిరప. పడమటి వైపు ఒకప్పుడు తిప్ప ఉండేది, తిప్ప మీద చిట్టడివి ఉండేది. చిన్నప్పుడు మేము రేగుపళ్లకూ బలుసుపళ్లకూ అక్కడికే పోయేవాళ్లం. ఆ తిప్ప సున్నపురాయి క్వారీ అయింది. క్వారీని నేను తిట్టను. మా ఆయన పాతికేళ్లకు పైగా అందులో రాయి కొట్టాడు, మా పొయ్యి వెలిగింది దానితోనే. కానీ తిప్ప పోయింది, అడివి పోయింది. పొలాల గట్లు ఉండేవి, వాటిమీద కాస్త కంప, కాస్త గడ్డి ఉండేవి. గడ్డిమందు వచ్చాక అవీ పోయాయి. ఇప్పుడు గట్టు మీద పచ్చిపోచ మొలిస్తే రైతుకు నామోషీ.

మిగిలిందల్లా మా సమాధుల స్థలం. రాళ్ల మెరక, సేద్యానికి పనికిరాదని మా పేటవాళ్లకు ఎప్పుడో ఇచ్చారు. ముందు వైపు కాస్త ఖాళీ, అక్కడ సమాధులు. ఉత్తరం వైపంతా కంప. రేగు, బలుసు, కలివి, గచ్చ, వాటి మీద పాకిన దొండతీగలు, నడుమ నడుమ తుమ్మలు. మనిషి దూరలేడు. అందుకే మిగతా జీవాలన్నీ దూరాయి. చుట్టూ మందు కొట్టిన పొలాల్లోంచి తప్పించుకున్న ముంగిసలు, ఉడుములు, కౌజుపిట్టలు, చెవులపిల్లులు అన్నీ ఆ కంపలోనే తలదాచుకున్నాయి. మేము దాన్ని అప్పట్లో గొప్పగా చూసిందేమీ లేదు. కంప అంటే కంపే.

మా ఆయన జ్వరమొచ్చి పోయాడు. అప్పుడు మాకు సిమెంటు సమాధి కట్టించే తాహతు లేదు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలే, మా ఆయన సమాధికి మాత్రం బస్తా సిమెంటు లేదు. ఆయనతో రాయి కొట్టినవాళ్లు ఊరుకోలేదు. ట్రాక్టరులో చిన్న రాళ్లు, చెక్కులు తెచ్చి, మట్టి కుదుటపడ్డాక సమాధి నిండా పరిచారు. కుక్కలు తవ్వకుండా, వానకు మట్టి కొట్టుకుపోకుండా. రాయి కొట్టినవాడికి రాయే దుప్పటి అని వాళ్లలో ఒకాయన అన్నాడు. ఏటా ఈస్టరుకు ఆ రాళ్ల మీదే సున్నం చల్లేదాన్ని. వానలకు అది కడుక్కుపోయి మళ్లీ బూడిదరంగు తేలేది.

ఇక అసలు సంగతి. కొన్నేళ్ల కిందట, ఈస్టరు ముందు ఉపవాస దినాల్లో మా సంఘపెద్ద చర్చిలో లేచి ఒక ప్రకటన చేశాడు. ఆయన మా ఆయనకు పినతండ్రి కొడుకు, నాకు మరిది. మంచివాడు, పని పట్టాడంటే వదలడు. సమాధుల స్థలం చూస్తే సిగ్గుగా ఉందనీ, నందిగామలో, విజయవాడలో సమాధుల తోటలు ఎలా ఉంటాయో చూసి రమ్మనీ, ఈసారి పండక్కి జేసీబీ పెట్టించి కంపంతా పీకించి, నేల చదును చేసి, ఎర్రమట్టి తోలించి, చుట్టూ ప్రహరీ కట్టిద్దామనీ చెప్పాడు. మిషను ఒక రోజుకు ఉచితంగా పంపుతానని ఎవరో కాంట్రాక్టరు మాటిచ్చాడట. జనం చప్పట్లు కొట్టారు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ప్రహరీ లేకపోతే పక్క పొలం రైతు ఏడాదికింత గట్టు జరుపుకుంటాడు. కంపలో పాములున్నాయి. చీకటితో పండగ ప్రార్థనకు చంటిపిల్లలతో వచ్చే తల్లులకు భయమే. ఆ రోజు నేను కూడా చప్పట్లు కొట్టాను.

మా అబ్బాయికి నందిగామలో బండ్ల రిపేరు షాపు ఉంది. వాడు కూడా ఆ ఆదివారమే నాతో చెప్పాడు.

"అమ్మా, ఎలాగూ అంతా బాగు చేపిస్తన్నారు. నాన్నకి టైల్స్ పెట్టి కట్టిద్దాం. మేస్త్రీకి చెప్పేసా."

నాకు సంతోషమే అయింది. నీలం రంగువి తీసుకోమన్నాను. ఆయనకు నీలం ఇష్టం.

ఆ మరుసటి వారం, మిరపకోత నుంచి వస్తూ సమాధి దగ్గరికి వెళ్లాను. రాళ్లు తీసేసే ముందు ఒకసారి చూద్దామని. ఇంకా కొంచెం దూరం ఉండగానే తీతువు ఒకటి లేచింది. పొడుగాటి పసుపు కాళ్లు, కళ్ల దగ్గర ఎర్రటి తోలు, గొంతు చించుకుని అరుస్తుంది. మాలో తీతువు అరిస్తే చావు వార్త వస్తుందంటారు. ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతే పెద్దవాళ్లు ఉమ్మేస్తారు. సమాధుల దగ్గర అరిస్తే ఇంకేం చెప్పాలి. కానీ ఇది పోవడం లేదు. నా నెత్తి మీదికి దిగుతోంది, లేస్తోంది, మళ్లీ దిగుతోంది. కింద రెక్క ఈడ్చుకుంటూ కుంటుతున్నట్టు నటిస్తోంది. ఆ నటన చూసి నాకు అర్థమైంది. నేను కూడా నలుగురు పిల్లల్ని కన్నదాన్నే.

గుడ్లు కనబడటానికి చాలాసేపు పట్టింది. మా ఆయన గుండెకాయ ఉండే చోట, రాళ్ల మధ్య, మొనలు లోపలికి పెట్టి సర్దిన నాలుగు గుడ్లు. బూడిదరంగు మీద నల్లమచ్చలు. క్వారీ రాయికీ వాటికీ తేడా లేదు. ఆ పిట్టకు ఊరంతా వెతికినా ఇలాంటి చోటు దొరకలేదు మరి. పొలాల్లో ఎక్కడ పెట్టినా ట్రాక్టరు కిందికి పోయేవే.

ఆ సాయంత్రం మా తోడికోడలికి చెప్పాను. ఆమె సంఘపెద్ద భార్య. మాటలు తక్కువ, అన్న మాట మాత్రం గుచ్చుకుంటుంది.

"బావగారు పోయినా నీ మీద నమ్మకం కుదర్లా అక్కా. తీతువును కాపలా పెట్టాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ రాత్రంతా నాకు ఒకటే ఆలోచన. ఆ పిట్ట గుడ్లు పొదిగి పిల్లలు లేవాలంటే పండగ దాటిపోతుంది. మిషను వచ్చేది పండగ ముందు. మేస్త్రీ వచ్చేదీ అప్పుడే. గుడ్లు తీసి పక్కన పెట్టొచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. పక్కన ఎక్కడ పెడతాం? అంతా చదునైపోతోంది. ఆ పిట్టకు కావలసింది ఒట్టి గుడ్ల చోటు కాదు. పిల్లలు లేచిన పూటే నడుస్తాయి, నడిచి దాక్కునే చాటు కావాలి. ఆ చాటు ఉత్తరం వైపున్న కంప. రాళ్లూ కంపా రెండూ ఉన్నాయి కాబట్టే అక్కడ పెట్టింది. నేను చప్పట్లు కొట్టింది ఆ రెండూ పోవడానికి.

నేను మాట మింగే మనిషిని కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ చెప్పులు వేసుకుంటుండగానే మరిదిని పట్టుకున్నాను. మిషను వద్దన్నాను. పండగ అయ్యాక, పిల్లలు లేచాక, అప్పుడు చూద్దాం అన్నాను. ఆయన ముందు సరదాగానే తీసుకున్నాడు.

"ఏంది వదినా, పిట్ట కోసం పండగ ఆపమంటావా?"

"పండగ ఆపమన్లా. మిషను ఆపమన్నా."

"మిషను మన చేతుల్లో లేదు. ఇయ్యాళ ఉంటది, రేపు ఉండదు. అయినా తీతువు ఏందసలు? మంచి పిట్టయితే ఒక అర్థముంది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఒకామె, నా మొగుడి సమాధి మీద అపశకునం పిట్ట గుడ్లు పెట్టిందంటే ఇంట్లో ప్రార్థన చేయించుకోమని సలహా ఇచ్చింది. ఇంకొకాయన, పిట్టను సాకుగా పెట్టుకుని టైల్స్ ఖర్చు తప్పించుకుంటున్నానన్నాడు. నేను ఆయనకు జవాబు చెప్పాను, ఇక్కడ రాయడం బాగుండదు. పాస్టరయ్యగారు మంచి మనసున్నవాడే కానీ సంఘం కమిటీ నిర్ణయం అని పక్కకు తప్పుకున్నాడు. మా అబ్బాయి ఫోనులో నాతో సరిగా మాట్లాడలేదు. మేస్త్రీ మళ్లీ దొరకడనీ, నాన్న సమాధి ఒక్కటే రాళ్లకుప్పలా ఉంటే స్నేహితుల ముందు తలెత్తుకోలేననీ చెప్పి పెట్టేశాడు. వాడి బాధ నాకు తెలియనిది కాదు. తండ్రికి ఏమీ చెయ్యలేదన్న బాధ అది. కానీ తండ్రి మీద నాకున్న హక్కు వాడికంటే ముందుది.

మాలో ఒక పద్ధతి ఉంది. ఎవరి సమాధి వాళ్లే బాగుచెయ్యాలి, ఎవరి సమాధి మీద వాళ్లే చెయ్యి వెయ్యాలి. ఇంటివాళ్లు ఒప్పుకోకుండా ఇంకొకరు రాయి కదపడానికి లేదు. ఆ పద్ధతిని పట్టుకున్నాను. నా భర్త సమాధి మీద రాయి కదిలితే ఒప్పుకోనని కమిటీకి చెప్పి పంపాను. దానివల్ల గుడ్లు దక్కుతాయి. కంప దక్కదు. కంప ఎవరిదీ కాదు కాబట్టి అందరిదీ, అందరిదీ కాబట్టి కమిటీది. నేను అంతవరకే చెయ్యగలను అనుకున్నాను.

మట్టల ఆదివారం తర్వాత సోమవారం పొద్దున్నే జేసీబీ వచ్చింది. సగం పేట అక్కడే ఉంది. మరిది తెల్లచొక్కా వేసుకుని దగ్గరుండి చూపిస్తున్నాడు. డ్రైవరు కుర్రవాడు కాదు, నడివయసు మనిషి, ఎక్కడినుంచి మొదలెట్టమంటారని అడిగాడు. మరిది ఉత్తరం వైపు చెయ్యి చూపించాడు. ముందు ఆ కంపంతా లాగేయమన్నాడు. మిషను తిరిగింది. మా ఆయన సమాధి మీద నుంచి తీతువు లేచి మిషను మీదికి పోయింది. అంత ఇనుము మీదికి గుప్పెడు పిట్ట. నేను సమాధికి అడ్డంగా నిలబడ్డాను. అంతకంటే ఏం చెయ్యాలో తోచలేదు.

అప్పుడు మా తోడికోడలు నా పక్కనుంచి ముందుకు నడిచింది. ముసుగు సర్దుకుని నేరుగా మొగుడి దగ్గరికి పోయి నిలబడింది. మిషను మోతలో ఆమె అన్నది ఆయనకు వినబడలేదు. డ్రైవరు ఏమనుకున్నాడో ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దంలో అందరికీ వినబడింది.

"మన పాపని యాడ పెట్టావు?"

మరిది ముఖం చూసి తీరాలి. ఏం పాప అని అడగలేదు. అడగనవసరం లేదు.

"నేను పచ్చి బాలింతను. నన్ను రానీలా. పెట్టి వచ్చా అన్నావు. ఇన్నేళ్లలో నేనడగలా, నువ్వు చెప్పలా. ఇప్పుడు చూపియ్యి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పేరు పెట్టకుండానే పోయిన పసికందులకు మాలో సమాధి కట్టరు, శిలువ పెట్టరు, పేరు రాయరు. తండ్రో బాబాయో గుడ్డలో చుట్టుకుని తీసుకుపోయి, స్థలం చివర గుంట తీసి పెట్టి వస్తారు. తల్లిని రానివ్వరు. నక్కలూ కుక్కలూ తవ్వకుండా గుంట మీద రేగుకంప కొట్టి పరుస్తారు, పైన రాళ్లు పెడతారు. అంతే. పురుళ్లు ఇంట్లోనే పోసుకున్న రోజుల్లో అలా పోయినవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరిద్దరు ఉంటారు. ఆ గుంటలన్నీ ఉత్తరం వైపే. ఎండిన కంప మీద పిట్టలు వాలాయి. పళ్లు తిని వచ్చిన పిట్టలు అక్కడ రెట్టవేస్తే గింజలు పడ్డాయి. కంప చాటున మొక్కల్ని మేకలు కొరకలేకపోయాయి. అలా బలుసు లేచింది, రేగు లేచింది, కలివి లేచింది. మేము కంప అంటున్నది మా పిల్లల మీద మా మగవాళ్లు కప్పిన కంపలోంచి పుట్టిందే. ఇదంతా నేను ఆ రోజు ఆలోచించలేదు. తర్వాత చాలా రోజులు ఆలోచిస్తే తట్టింది. ఆ రోజు నేను చూసింది మా మరిదిని.

ఆయన కంప అంచు వెంట నడిచాడు. ఒకచోట ఆగాడు, కాదన్నట్టు తల ఊపి ఇంకా ముందుకు పోయాడు. తెల్లచొక్కా ముళ్లకు తగులుకుంది. చేత్తో కొమ్మలు పక్కకు నెట్టి లోపలికి చూసి నిలబడిపోయాడు.

"ఈడే. ఆ బలుసు కింద. అప్పుడిది లేదు. రేగుకంప నేనే కొట్టి పెట్టా."

ఆమె పోయి ఆయన పక్కన నిలబడింది. ఏడవలేదు. లోపల పికిలిపిట్టలు ఏవో కీచుకీచుమంటున్నాయి. చాలాసేపు ఆ బలుసు పొద వైపు చూసి, చాలు, అన్నట్టు తల ఊపింది.

అప్పటికే ఇంకొందరు ఆడవాళ్లు వాళ్ల మగవాళ్ల వైపు చూస్తున్నారు. ఒక ముసలాయన ఎవరూ అడగకుండానే తుమ్మ వైపు చూపించాడు. ఇంకొకాయన తలొంచుకున్నాడు, ఆయనకు చోటు గుర్తు లేదు. నాదీ ఒకటి ఉంది అక్కడ. చూపించాల్సినాయన రాళ్ల కింద పడుకున్నాడు కాబట్టి నేను ఎవరినీ అడగలేదు. కంపంతా నాదే అనుకున్నాను.

మరిది వెనక్కి వచ్చి డ్రైవరుతో, ముందువైపు దారి ఒక్కటి చదును చేసి వెళ్లిపొమ్మన్నాడు. కంప జోలికి పోవద్దన్నాడు. ఎందుకని డ్రైవరు అడగలేదు. అతను కూడా ఎక్కడో అక్కడ ఇలాంటి ఊరివాడే అయ్యుంటాడు. దారి పని మధ్యాహ్నానికి అయిపోయింది. మిషను పోయిన కాసేపటికి తీతువు తిరిగి వచ్చి, చుట్టూ నాలుగడుగులు వేసి, రాళ్ల మీద కూర్చుంది. మరిది నా దగ్గరికి వచ్చాడు.

"సంతోషమేనా వదినా?"

"నీ చొక్కా చిరిగింది. అది కుట్టించుకో ముందు."

శనివారం మా అబ్బాయి ట్రాలీ ఆటోలో నీలం టైల్స్ వేసుకుని దిగాడు. జరిగింది వాడికి తెలుసు, అయినా తెచ్చాడు. నా కొడుకు కదా. టైల్స్ దింపకుండానే సమాధి దగ్గరికి నడిచాడు. తీతువు వాడి నెత్తి మీదికి దూకింది. వాడు చెయ్యి అడ్డం పెట్టుకుని తుమ్మ కిందికి పరుగెత్తాడు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను, నవ్వు ఆపుకోలేకపోయాను. వాడు కోపంగా నా పక్కన చతికిలబడ్డాడు. ఎండ మండిపోతోంది. కాసేపటికి రెండో పిట్ట వాగు మడుగు వైపు నుంచి ఎగిరి వచ్చి దిగింది. పొట్ట కింద ఈకలు తడిసి కారుతున్నాయి. మొదటిది లేచింది, ఇది గుడ్ల మీద కూర్చుని ఈకలు సర్దుకుంది.

"అదేంటమ్మా, తడిసొచ్చింది?"

"రాళ్లు కాలిపోతన్నాయిగా. గుడ్లు ఉడక్కుండా నీళ్లు మోస్తంది. పొద్దుట్నుంచీ ఇదే పని."

వాడు పిట్ట ఇంకోసారి పోయి వచ్చేదాకా చూశాడు. వాళ్ల నాన్న క్వారీ నుంచి వచ్చేటప్పుడు టిఫిను డబ్బాలో వీడికోసం ఏదో ఒకటి మిగిల్చి తెచ్చేవాడు. అది గుర్తొచ్చిందో ఏమో నాకు తెలియదు, నేను అడగలేదు. లేచి ఆటోవాడితో ఇంటికి పోనిమ్మన్నాడు. ఆ టైల్స్ ఇప్పుడు మా బాత్రూములో ఉన్నాయి. నీలం రంగు బాగుంటుంది.

మరుసటి పొద్దున ఈస్టరు. వెలుగు రేకలు రాకముందే కొవ్వొత్తులు, పూలు పట్టుకుని పేటంతా అక్కడికి చేరింది. మా ఆయన సమాధి చుట్టూ నేను ముందే పాత చీర అడ్డం కట్టాను, ఎవరూ తొక్కకుండా. పాస్టరయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు, తీతువు కూడా మొదలుపెట్టింది. ఆయన గొంతు పెంచారు, అదీ పెంచింది. ఆయన మైకు తెప్పించారు, దానికి తోడు రెండో పిట్ట వచ్చింది. చివరికి ఆయనకే నవ్వొచ్చి వాక్యం చిన్నది చేశారు. అంతమంది మా సమాధుల దగ్గర నవ్వడం నేను చూడటం అదే మొదలు. కుర్రకారు ఆ పిట్టకు థ్యాంక్స్ చెప్పుకున్నారు. ఆ రోజు ఎవరికీ చావు వార్త రాలేదు. నేను కనిపెట్టుకునే ఉన్నాను, అపశకునం అన్నామెకు సాయంత్రం వెళ్లి చెప్పి వచ్చాను.

పిల్లలు లేచిన రోజు కూడా నేను అక్కడే ఉన్నాను. కాళ్లు పొడుగు, మిగతాదంతా దూది. కరిగి గడ్డకట్టిన కొవ్వొత్తుల మధ్యనుంచి తల్లి వెనకాల తప్పటడుగులు వేసుకుంటూ నడిచాయి. తల్లి ఒక్క కూత వేస్తే ఎక్కడివక్కడ రాయిలా అతుక్కుపోతాయి. మళ్లీ కూస్తే లేస్తాయి. అలా అలా ఉత్తరం వైపు పోయి, బలుసు నీడలోకి దూరాయి. కంప ఉంటే కదా దూరడానికి.

ఆ తర్వాత కమిటీ ఒక మాట అనుకుంది. ప్రతిపాదన మరిదిదే. సమాధుల దగ్గర నిప్పు పెట్టకూడదు, మిషను రాకూడదు, ఎవరి సమాధి చుట్టూ వాళ్లు చేత్తో, పారతో బాగుచేసుకోవాలి. ఉత్తరం వైపు కత్తి పట్టుకుని పోకూడదు. సర్కారు తుమ్మ ఒక్కటే మినహాయింపు, అది పాకిందంటే మిగతా మొక్కల్ని చంపేస్తుంది, ఏటా పీకేస్తాం. ప్రహరీ సంగతి కూడా కంపే తేల్చింది. పక్క రైతు గట్టు జరపాలంటే ముందు గచ్చముళ్లతో పోట్లాడాలి. ఒకసారి పోట్లాడి చూశాడు, లుంగీ వదిలేసి పోయాడు.

అంతా సాఫీగా ఉందని చెప్పను. ఇప్పుడు కంపలో నెమళ్లు చేరాయి, మిరపనారు తొక్కుతున్నాయని ఆ రైతే మమ్మల్ని తిడతాడు. తొక్కుతాయి, నిజమే. మా పేట ఆడవాళ్లం పాత చీరలు పోగుచేసి ఇచ్చాం, నారు చుట్టూ కట్టుకున్నాడు. తిట్టడం ఆపలేదు, చీరలు తిరిగి ఇవ్వనూలేదు. పాములూ ఉన్నాయి. ముంగిసలూ ఉన్నాయి. పండక్కి ఇప్పుడు అందరూ టార్చిలైట్లు తెచ్చుకుంటారు.

రెండేళ్ల కిందట నందిగామ కాలేజీలో పాఠం చెప్పే మేడమ్ ఒకామె పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. మెడలో దుర్బిణి వేసుకుని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కంప చుట్టూ తిరిగారు. ఒక పిల్లకు గడ్డిలో చుక్కల తాబేలు కనబడింది. వీపు మీద పసుపు చుక్కలు గీతలుగా విచ్చుకుని ఎవరో ముగ్గు వేసినట్టుంటుంది. తిప్ప పోయాక నేను కూడా దాన్ని చూడలేదు. ఆ మేడమ్ నా చెయ్యి పట్టుకుని, ఇలాంటి చోటు ఈ చుట్టుపక్కల మిగల్లేదనీ, తాబేలు సంగతి మాత్రం ఎక్కడా చెప్పొద్దనీ, పట్టుకుపోయి అమ్మేవాళ్లుంటారనీ చెప్పింది. అందుకే ఊరి పేరు రాయడం లేదు. దీన్ని ఎవరు కాపాడారని ఆమె అడిగితే అందరూ నా వైపు చూపించారు. నేను మా తోడికోడలి వైపు చూపించాను. ఆమె మొగుడి వైపు చూపించింది. ఆయన కంప వైపు చూపించి ఊరుకున్నాడు. మర్యాదకు అలా చూపించాను గానీ, మొదట వద్దన్నది నేనే. ఆ సంగతి కూడా మేడమ్‌కు చెప్పాను.

స్థలం మొదట్లో రేకు బోర్డు ఒకటి ఉంది. అది నేను రాసిందే. సమాధుల మీద పేర్లు కాకుండా, బతికున్నవాళ్లు చదవడానికి నేను రాసిన మొదటి రాత అది. "ఇక్కడ కంప కొట్టవద్దు. నిప్పు పెట్టవద్దు. లోపల మావాళ్లు ఉన్నారు." మూడో మాట మరిది చెప్పి రాయించాడు. ఆటో దిగి వచ్చేవాళ్లు ఆగి చదవడం నేను దూరంనుంచి చూస్తుంటాను. చదివినవాళ్లెవరూ ఇంతవరకు కత్తి తీయలేదు.

మా ఆయనకు సమాధి ఇంకా కట్టలేదు, ఇక కట్టం. మా అబ్బాయి తల దగ్గర నిలువు రాయి ఒకటి పెట్టించాడు, అదీ క్వారీ రాయే. దాని మీద పేరు నేను రాశాను. కిందంతా అవే రాళ్లు. తీతువు ఏటా అక్కడికే వస్తోంది. అదే పిట్టో, దాని పిల్లలో నాకు తెలియదు. ఒక ఏడాది కాకులు గుడ్లు ఎత్తుకుపోయాయి, మళ్లీ పెట్టింది. ఉపవాస దినాల్లో మా అబ్బాయి సున్నం బకెట్టుతో వస్తాడు, వాళ్ల తాతకూ నాయనమ్మకూ వేస్తాడు, తండ్రి దగ్గర ఆగి చూసి బకెట్టు తీసుకుని వెళ్లిపోతాడు.

ఈ ఏడు పండగ రోజు కూడా నేను బంతిపూలు పట్టుకుని వెళ్లాను. మా ఆయన దగ్గరికి ఇంకా పది అడుగులుండగానే అది లేచి నన్ను తిట్టడం మొదలుపెట్టింది. నా మొగుడి దగ్గరికి నన్నే రానివ్వదు. నేను కూడా నాలుగు మాటలు అన్నాను. పూలు పక్కనున్న మా అత్తగారి సమాధి మీద పెట్టి, అక్కడినుంచే ఆయనకు చెప్పవలసింది చెప్పి ఇంటికి వచ్చాను.